తాళం జోలికి పోకుండా: కావలిలో ఒక కేబుల్ టీవీ, లైనక్స్ కేసు

"బొమ్మ రావడంలే గానీ పేర్లన్నీ వస్తుండాయి నాయనా. పేర్లు చదువుకునేదానికా ఇంత డబ్బు పోసింది?"

మేస్టారి భార్య విసుగ్గా అన్న ఆ మాటలోనే జబ్బేమిటో ఉంది. నాకు అర్థం కావడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. కావలి ట్రంక్ రోడ్డు పక్క సందులో చాలా ఏళ్ళుగా కంప్యూటర్లు, నెట్‌వర్కులు, సీసీ కెమెరాలు చూసుకుంటున్నవాణ్ణి. లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టం) నాకు కొత్త కాదు, టీవీ కార్డులూ కొత్త కాదు. ఆ ధీమానే కొంప ముంచింది. ఇలాంటి పనిలోకి ఇంకెవరైనా దిగేముందు చదువుకుంటారని, నేనెక్కడ దారి తప్పానో, చివరికి ఏది నిలబడిందో దాచకుండా రాస్తున్నాను.

ఇల్లు, అడిగిన పని

మేస్టారు హైస్కూలు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో పెద్ద టీవీ, పై గదిలో 32 అంగుళాల పాత టీవీ. కేబుల్ కనెక్షన్ ఒకటే, బాక్స్ ఒకటే. పై టీవీకి రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి, అందులో సినిమాలు, పాటలు నడిపే కోడి అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, పాత సినిమాలు, ఫోటోలు, భక్తి పాటలు అన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించింది వాళ్ళబ్బాయి. జర్మనీలో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చి బిగించి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కేబుల్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే ఒక యూఎస్‌బీ ట్యూనర్ కూడా ఇచ్చి, "కేబుల్ వైరు దీనికి తగిలిస్తే చాలు, పైన కూడా టీవీ వస్తుంది, రికార్డింగ్ కూడా అవుతుంది" అని చెప్పాడట.

అతను అబద్ధం చెప్పలేదు. అక్కడ అతని ఫ్లాట్‌లో అదే ట్యూనర్, అదే లైనక్స్, ఛానళ్ళు అందించి రికార్డు చేసే అదే టీవీహెడ్‌ఎండ్ సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేస్తున్నాయి. జర్మనీ కేబుల్లో ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ లాంటి ప్రభుత్వ ఛానళ్ళు తాళం (ఎన్‌క్రిప్షన్, అంటే అనుమతి లేని పరికరానికి బొమ్మ అందకుండా చేసే సంకేత రక్షణ) లేకుండానే వస్తాయి. ఇంట్లో ఎవరి ట్యూనర్ పెట్టుకున్నా బొమ్మ కనిపిస్తుంది. ఆ అనుభవంతో మన ఊరి వైరూ అంతేననుకున్నాడు.

వీళ్ళకు కావలసినవి రెండే. రాత్రి ఏడున్నర సీరియల్ సమయానికి ఆమె భజనకి వెళ్తుంది, అది రికార్డయి ఉండాలి. మేస్టారికి మోకాళ్ళ నొప్పి, పై గదిలో పడుకునే వార్తలు చూడాలి. అంతకుమించి ఏమీ అడగలేదు.

నేను చూసిన మొదటి సాక్ష్యం, నన్ను ముంచింది కూడా అదే

ట్యూనర్ తగిలించాను. ఫర్మ్‌వేర్ (ట్యూనర్‌ని నడిపే లోపలి ప్రోగ్రాం) ఫైలు లేక మొదట కదల్లేదు, దాన్ని దింపి సరైన ఫోల్డర్లో పెట్టాక లేచింది. స్కాన్ పెట్టాను. 64 క్వామ్, సింబల్ రేటు 6875: కేబుల్లో సిగ్నల్ పంపే పద్ధతి, వేగం ఇవి. చాలా కేబుల్ నెట్‌వర్కుల్లో ఇదే వాడతారు, అందుకే ముందు ఇదే ప్రయత్నిస్తాం. వెంటనే పట్టుకుంది. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర డజను, డజనున్నర ఛానళ్ళు. మొత్తం మూడొందల చిల్లర పేర్లు టీవీహెడ్‌ఎండ్‌లో బారులు తీరాయి. మేస్టారు కళ్ళజోడు సవరించుకుని, "భలే చేశావయ్యా" అన్నారు.

మొదటి ఛానల్ నొక్కాను. నలుపు. రెండోది, నలుపు. నొక్కుకుంటూ పోతే నూటెనభయ్యో ఏదో నంబర్ దగ్గర బొమ్మ వచ్చింది! కేబుల్ వాళ్ళ లోకల్ ఛానల్. కొండబిట్రగుంట తిరునాళ్ళ, గరుడ సేవ, స్పష్టంగా. ఆమె నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఇంకొకటి కూడా తెరుచుకుంది, కేబుల్ వాళ్ళ సొంత ప్రకటనల ఛానల్. మిగతావన్నీ చీకటి.

ఇక్కడే తప్పటడుగు వేశాను. "రెండు వస్తున్నాయంటే వైరు, ట్యూనర్, సాఫ్ట్‌వేర్ అన్నీ బాగున్నట్టే. మిగతావి రావడం లేదంటే ఆ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ తక్కువ" అని తీర్మానించేసుకున్నాను. సిగ్నల్ నాణ్యత 33 డెసిబెల్స్ అని, తప్పుల లెక్క సున్నా అని, అంటే సిగ్నల్ భేషుగ్గా ఉందని, తెర మీద కళ్ళముందే కనబడుతోంది. చూశాను గానీ చదవలేదు.

ఇక మొదలైంది పని. కావలికి సముద్రపు గాలి తగులుతుంది, మేడ మీద కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అవన్నీ కోసేసి కొత్తవి వేశాను. మెట్ల కింద ఉన్న పాత స్ప్లిటర్ తీసేశాను, రెండుదారుల స్ప్లిటర్ ఒక్కటే మూడున్నర, నాలుగు డెసిబెల్స్ మింగేస్తుంది మరి. పై గదికి ఆర్‌జీ6 వైరు కొత్తగా లాగాను. నాణ్యత 33 నుంచి 35కి పెరిగింది. నలుపు నలుపుగానే ఉంది. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మార్చాను. ట్యూనర్ లోపమేమోనని వేరే లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. వీడియో డీకోడింగ్ సెట్టింగులన్నీ తిరగేశాను.

చివరికి కేబుల్ అబ్బాయిని పిలిపించాను. మీటరు పెట్టి చూసి నవ్వాడు.

"అన్నా, సిగ్నల్ బెమ్మాండంగా ఉండాది. మా బాక్సుకి పెడితే బొమ్మ వస్తుండాదా లేదా? వస్తుంటే ఇంక నా లైన్లో తప్పేముంది?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. నేను ఒప్పుకోవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

ఎందుకంత మొండికేశాను

కారణం నా పాత అనుభవం. అనలాగ్ రోజుల్లో, 2009లో ఒంగోల్లో ఒక డాక్టరుగారింట్లో పీసీలో టీవీ కార్డు పెట్టి, మిత్‌టీవీ అనే సాఫ్ట్‌వేర్‌తో రికార్డింగ్ ఏర్పాటు చేశాను. వైరు తగిలించిన గంటలో అన్ని ఛానళ్ళూ వచ్చాయి. అప్పటి వైరులో తాళమనేదే లేదు. ఇప్పుడు గోడలోంచి వచ్చే వైరు చూస్తే అదే నలుపు, అదే లావు, చివర అదే స్క్రూ. కంటికి ఏ తేడా లేదు.

తేడా చట్టంలో వచ్చింది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టాన్ని 2011లో సవరించారు. దాంతో కేబుల్లో ఏ ఛానలైనా డిజిటల్‌గా, తాళం వేసి, బాక్సుకో గుర్తింపు ఉండే పద్ధతిలోనే పంపాలన్నారు. 2012లో మహానగరాలతో మొదలు. రెండో విడతలో మన తెలుగువాళ్ళకి హైదరాబాదు, విశాఖపట్నం వచ్చాయి. మూడో విడత పట్టణాలన్నింటికీ, గడువు 2015 డిసెంబరు 31. పల్లెలకి చివరి గడువు 2017 మార్చి 31. కావలి పట్టణం మూడో విడతలోది. చుట్టూ పల్లెల్లో ఇంకొన్నాళ్ళు పాత పద్ధతే నడిచింది, మా షాపుకి పాత టీవీ కార్డులు అడిగేవాళ్ళు వచ్చేది అక్కడినుంచే.

ఇందులో జనం గమనించని సంగతి ఒకటుంది. డబ్బు కట్టే ఛానళ్ళకే కాదు, డిష్‌తో ఉచితంగా దొరికే దూరదర్శన్ సప్తగిరి కూడా కేబుల్లోకి వచ్చేసరికి తాళంతోనే వస్తుంది. "ఉచిత ఛానళ్ళు కూడా రావడం లేదంటే సిగ్నలే తప్పు" అన్న నా వాదన అక్కడే కూలిపోయింది. లోకల్ ఛానల్‌కి తాళం లేకపోవడం మా కేబుల్ వాళ్ళు వదిలేసిన సందు. నేను దాన్ని నియమమనుకుని, మిగతా మూడొందలనీ మినహాయింపులనుకున్నాను.

బిట్రగుంట యార్డు పోలిక

మేస్టారికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడు నాకూ స్పష్టమైంది. బిట్రగుంట పక్కనే గదా. ఒకప్పుడు గూడ్సు బండ్లు అక్కడి యార్డులో విడిపోయి, కలిసి పోయేవి. కేబుల్లో వచ్చేది కూడా గూడ్సు బండే. ఒక్కో వ్యాగన్ 188 బైట్లు. ప్రతి వ్యాగన్ ముందు చాక్‌పీసుతో రాసినట్టు చిన్న తలకట్టు ఉంటుంది: ఇది ఏ ఛానల్ వీడియో, ఏది ఆడియో, ఏది సమాచార పట్టిక. ఆ రాతకి తాళం వెయ్యరు. వేస్తే ఏ వ్యాగన్ ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు. సరుక్కి మాత్రం సీలు వేస్తారు.

అందుకే నా స్కాన్‌కి పేర్లన్నీ వచ్చాయి. పేర్లు ఉన్న వ్యాగన్లకి సీలు ఉండదు. బొమ్మ ఉన్న వ్యాగన్లకి ఉంటుంది. పైగా సీలు ఉందో లేదో కూడా తలకట్టులోనే రాసి ఉంటుంది, రెండే రెండు బిట్లలో. సున్నా సున్నా అంటే తెరిచిన సరుకు. ఒకటి సున్నా, ఒకటి ఒకటి అంటే తాళం. ఆ రాత్రి పది సెకన్ల ముక్క డిస్కులోకి దింపి ఆ రెండు బిట్లు లెక్కపెట్టాను. లోకల్ ఛానల్ వ్యాగన్లన్నీ సున్నా సున్నా. సీరియల్ వచ్చే ఛానల్‌వి అన్నీ తాళం. మూడు వారాల పని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇప్పుడు నేను వైరు ముట్టుకోను, ముందు ఈ బిట్లు చూస్తాను.

మరి బాక్సు ఎలా తెరుస్తుంది? తాళంచెవి కూడా అదే బండిలో వస్తుంది, అదీ ఇంకో తాళంలో పెట్టి. ఆ చెవి సుమారు పది సెకన్లకోసారి మారిపోతుంటుంది. దాన్ని విప్పే అధికారం ఫలానా బాక్సుకి ఉందని చెప్పే సందేశాలు వేరే వస్తాయి. మనం రీచార్జ్ చేసిన కాసేపటికి ఛానల్ తెరుచుకునేది ఆ సందేశం అందాకే. కొన్ని బాక్సుల్లో ఇదంతా ఒక కార్డులో ఉంటుంది. మేస్టారింటి బాక్సులో కార్డు కూడా లేదు, అంతా చిప్‌లోనే కలిసిపోయింది. యూరప్ టీవీల్లో ఉండే కార్డు అర లాంటిది ట్యూనర్‌కి పెట్టి నడుపుదామన్నా ఇక్కడ పెట్టడానికి కార్డే లేదు. బాక్సులు ఏ కంపెనీ సర్వీసుతోనైనా పనిచేసేలా ఉండాలని టెలికాం, టీవీ సర్వీసుల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. యూఎస్‌బీ మాడ్యూల్‌తో తాళం విప్పే ప్రమాణం మాట కూడా అందులో ఉంది. మా వీధిలోని బాక్సులకి అలాంటి మాడ్యూల్ ఏదీ లేదు.

ఒప్పుకోని రెండు దారులు

విషయం తెలియగానే అబ్బాయి జర్మనీ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, చెవి నెట్‌లో పంచుకునే పద్ధతులు ఉంటాయంట గదా?" ఉంటాయి. నేను చెయ్యనన్నాను. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణ తాళాల్ని దాటితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. చట్టం సంగతి పక్కన పెట్టినా, వయసు మళ్ళిన దంపతుల ఇంట్లో ఎవడిదో సర్వరు మీద ఆధారపడే ఏర్పాటు పెడితే, అది ఆగిన ప్రతిసారీ ఫోన్ నాకే వస్తుంది.

రెండోది, హెచ్‌డీఎమ్‌ఐ లోంచి బొమ్మ తీసుకోవడం. బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించే మామూలు క్యాప్చర్ పరికరం పెడితే నలుపే వస్తుంది, అక్కడ హెచ్‌డీసీపీ అని ఇంకో తాళం ఉంది. దాన్ని ఊడగొట్టే స్ప్లిటర్లు బజార్లో దొరుకుతాయని అందరికీ తెలుసు. అదీ తాళం పగలగొట్టడమే, పేరు మార్చినంత మాత్రాన పని మారదు.

మిగిలింది బాక్సు వెనక ఉన్న చిన్న గుండ్రటి రంధ్రం. పాత టీవీల కోసం పెట్టిన ఏవీ అవుట్. డబ్బు కట్టిన ఇంటికి, కట్టిన ఛానల్ బొమ్మని, బాక్సే తెరిచి బయటికి ఇచ్చే చోటు. అమెరికాలో మిత్‌టీవీ వాడేవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఇదే చేశారు: కేబుల్ బాక్సు అవుట్‌పుట్ నుంచి రికార్డు చేసుకోవడం, రిమోట్‌లా మెరిసే చిన్న దీపంతో బాక్సు ఛానల్ మార్చడం. పాతబడ్డ పద్ధతే గానీ నాకు నచ్చింది.

నచ్చిందని ముందే అంటగట్టలేదు. "సార్, పైకి ఇంకో బాక్స్ తీసుకోండి, అన్నింటికంటే తేలిక" అని చెప్పాను. మేస్టారు, "వార్తలకి సరే, మరి మీ పిన్ని సీరియల్ ఎవరు దాస్తారు?" అన్నారు. బాక్సులోనే పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసే సదుపాయం ఉంది. కానీ ఆ ఫైలు ఆ బాక్సులో తప్ప ఎక్కడా తెరుచుకోదు, పైగా ఆ మెనూలో టైం పెట్టడం ఆమె వల్ల కాలేదు. నా వల్ల కూడా రెండోసారికి గానీ కాలేదు.

బిగించిన తీరు

ఏవీ రంధ్రానికి మూడు రంగుల తీగ కొన్నాను. పెడితే బొమ్మ లేదు, స్పీకర్లో బుర్రుమని మోత. ఈ నాలుగు వలయాల పిన్నుల్లో ఏ వలయం వీడియో అనేది తీగ తీగకీ మారుతుంది. పసుపు పెట్టాల్సిన చోట ఎరుపు పెట్టి చూస్తే బొమ్మ వచ్చింది. తీగ పాడైందని పారేసేముందు ఈ మూడు రంగులూ అటూఇటూ మార్చి చూడండి.

క్యాప్చర్ స్టిక్ ఏడొందల రూపాయలది. ఈ స్టిక్‌లతో పెద్ద చిక్కేమిటంటే, పైన అదే ప్లాస్టిక్, అదే పేరు, లోపల చిప్ నాలుగైదు రకాలు. నాకు మొదట వచ్చిందాన్ని లైనక్స్ గుర్తించలేదు. వెనక్కి పంపి రెండోది తెప్పిస్తే ఎస్‌టీకే1160 చిప్ వచ్చింది, దాని డ్రైవర్ కెర్నల్లోనే ఉంది, పెట్టగానే పనిచేసింది. కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మ చూసి నమ్మకండి, తిరిగి తీసుకునే షాపులోనే కొనండి.

పై 4లో అబ్బాయి పెట్టిన లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టం తీసేశాను. కోడి ఒక్కటే నడపడానికి అది బాగుంటుంది గానీ, సిస్టం ఫైళ్ళు మార్చనివ్వదు. మనకి సొంత స్క్రిప్టులు, రిమోట్ దీపం ఇవన్నీ కావాలి. అందుకని రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ వేసి, దాని మీద టీవీహెడ్‌ఎండ్, కోడి పెట్టాను. నెల్లూరు షాపతను "ఎట్టాగూ మారుస్తుండావు గదా, పై 5 తీసుకోరాదా" అన్నాడు. వద్దన్నాను. కొత్తది వేగమే గానీ, హెచ్264 అనే కుదించిన వీడియోని హార్డ్‌వేర్‌లో తయారుచేసే భాగం అందులో తీసేశారు. పై 4లో అది ఉంది. ఈ పనికి పాతదే మేలు.

బొమ్మ 720 బై 576, పాత టీవీల పాల్ పద్ధతి, గీతలు గీతలుగా వస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంతో ఆ గీతలు సరిచేసి, సెకనుకి రెండున్నర మెగాబిట్ల దగ్గర పెట్టాను. గంటకి ఒక జీబీ పైచిలుకు. 32 అంగుళాల టీవీలో మంచం మీద నుంచి చూసేవాళ్ళకి బాగానే ఉంటుంది. హెచ్‌డీ కావాలనేవాళ్ళు ఈ దారికి రావద్దు. అరగంట గడిచేసరికి మాట ముందు, పెదాలు వెనక అవుతుండేవి. స్టిక్ గడియారం, సౌండ్ గడియారం ఒకే వేగంతో నడవకపోవడం వల్ల అది. ఆడియోని వీడియో సమయానికి సాగదీసే ఫిల్టర్ పెట్టాక పోయింది.

టీవీహెడ్‌ఎండ్‌లో ఐపీటీవీ (నెట్‌వర్క్ మీద వచ్చే టీవీ) నెట్‌వర్క్ ఒకటి సృష్టించి, ఒక్కో ఛానల్‌కి ఒక్కో పైపు ఆదేశం, అంటే ఇంకో ప్రోగ్రాం ఇచ్చే బొమ్మని తీసుకొమ్మనే ఆజ్ఞ, ఇచ్చాను. ఛానల్ తెరవగానే ఆ ఆదేశం ముందు రిమోట్ దీపంతో బాక్సుకి నంబరు పంపుతుంది, తర్వాత ఏవీ నుంచి వచ్చే బొమ్మని అందిస్తుంది. బాక్సు ఒకటే కాబట్టి ఒకేసారి ఒకే ప్రవాహం అని కట్టడి పెట్టాలి, ఇది మరిచిపోతే పైన ఒకరు, రికార్డింగ్ ఒకటి బాక్సుని చెరోవైపు లాగుతాయి. రికార్డింగ్‌కే పెద్దపీట వేశాను.

రిమోట్ దీపం నేర్పిన పాఠాలు

బాక్సు రిమోట్ సంకేతాన్ని ఒక ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిసీవర్‌తో పట్టి నమోదు చేశాను. 38 కిలోహెర్ట్జ్, ఎన్ఈసీ అనే రిమోట్ సంకేత పద్ధతి. పంపడానికి ఐఆర్ ఎల్ఈడీ, ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, అన్నీ కలిపి వందలోపే. ఎల్ఈడీని పిన్నుకి నేరుగా తగిలించకూడదు, రాస్‌ప్‌బెర్రీ బోర్డు పిన్ను నుంచి 16 మిల్లీయాంపుల కంటే ఎక్కువ లాగితే బోర్డే పోవచ్చు. బోర్డు మీది జీపీఐఓ 18 అనే పిన్నుని పీడబ్ల్యూఎం (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే) పద్ధతిలో వాడితే సంకేతం శుభ్రంగా వస్తుంది. బోర్డు మీది ఆడియో జాక్ మాత్రం దాంతో పాటు వాడితే చిక్కు రావచ్చు. మాకు సౌండ్ హెచ్‌డీఎమ్‌ఐ నుంచే కాబట్టి ఇబ్బంది లేదు.

మొదటి వారం సీరియల్ బదులు పిల్లల కార్టూన్ రికార్డయింది. మూడంకెల నంబరులో మధ్య అంకె బాక్సుకి అందలేదు. అంకెకీ అంకెకీ మధ్య అర సెకను ఆగేలా పెట్టాక సర్దుకుంది.

రెండో వారం కరెంటు పోయి వచ్చింది. బాక్సు లేచి స్టాండ్‌బైలో ఆగిపోయింది. పవర్ మీట ఒక్కటే, నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్. బాక్సు ఏ స్థితిలో ఉందో అది మనకి చెప్పదు. ముందూవెనకా చూడకుండా పవర్ నొక్కితే వెలిగేదాన్ని ఆర్పేస్తాం. అందుకని రికార్డింగ్‌కి ఐదు నిమిషాల ముందు కొన్ని సెకన్ల బొమ్మ తీసి, అంతా ఉత్త నలుపే అయితేనే పవర్ నొక్కేలా రాశాను. సినిమాలో చీకటి సీను వస్తే మోసపోకుండా మూడుసార్లు వరసగా చూస్తుంది.

మూడో వారం అరగంటసేపు "రీచార్జ్ చేసుకోండి" అనే నీలం తెర రికార్డయింది. దానికి స్క్రిప్టు ఏమీ చెయ్యలేదు, డబ్బు కట్టాల్సిందే. ఆమె ఆ అరగంటా చూసిందట, సీరియల్ ఎప్పటికైనా మొదలవుతుందేమోనని.

అప్పుడప్పుడూ బొమ్మ మీద ఒక పొడుగాటి నంబరు మెరిసి పోతుంటుంది. "ఈ అంకెలేంది నాయనా, వైరసా?" అని అడిగింది. అది ఆ ఇంటి బాక్సు గుర్తు. ఎవరైనా రికార్డు చేసి బయట పంచితే ఏ ఇంటి నుంచి పోయిందో పట్టుకోవడానికి కేబుల్ వాళ్ళు పంపేది. ఈ రికార్డింగులు ఈ గోడలు దాటి పోకూడదని, పక్కింటివాళ్ళకి పెన్‌డ్రైవులో ఇవ్వొద్దని అప్పుడే చెప్పాను. ఆ మాటకి ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది.

అసలు గొడవ నాలుగో వారంలో. బాక్సు కింద హాల్లోనే ఉంది, హెచ్‌డీఎమ్‌ఐ పెద్ద టీవీకి, ఏవీ రాస్‌ప్‌బెర్రీ బోర్డుకి. ఒకరోజు మోకాళ్ళు కాస్త నెమ్మదించి మేస్టారు కిందే కూర్చుని చర్చ చూస్తున్నారు. ఏడూ ఇరవై ఐదుకి ఎవరూ రిమోట్ ముట్టుకోకుండా టీవీ దానంతటది మారిపోయి సీరియల్ మొదలైంది. ఆయన మళ్ళీ వార్తలు పెట్టారు. ఆ రోజు భజన నుంచి వచ్చిన ఆమెకి దొరికింది అరగంట రాజకీయ చర్చ. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను. "నీ పెట్టె పెట్టినాక ఇంట్లో మాటల్లేకుండా పోయినాయి అబ్బయ్యా."

దాంతో మొదట వద్దనుకున్న రెండో బాక్సు తీసుకున్నారు. అది పూర్తిగా రాస్‌ప్‌బెర్రీ బోర్డుదే, పై గదిలో బల్ల కింద, దీపం దాని ముఖానికే అంటించి ఉంది. తెలివిగా ఆలోచించి ఉంటే మొదటి రోజే అక్కడికి రావాల్సింది.

పనికిరాదనుకున్న ట్యూనర్

జర్మనీ ట్యూనర్‌ని డబ్బాలో పెట్టి పంపేద్దామనుకుంటుండగా ఒకటి తట్టింది. ఏవీ నుంచి బొమ్మ మాత్రమే వస్తుంది. ఏ కార్యక్రమం నడుస్తోందో, తర్వాత ఏముందో రాదు. ఆ సమాచారం కేబుల్లో ఉండే పట్టికల్లో ఉంటుంది, ఆ పట్టికల వ్యాగన్లకి సీలు లేదు. ట్యూనర్ బొమ్మని చూడలేదు గానీ గైడుని చదవగలదు. దాన్ని మళ్ళీ తగిలించి, టీవీహెడ్‌ఎండ్‌లో తాళం ఉన్న ఛానల్ గైడుని ఏవీ ఛానల్ వాడుకునేలా కలిపాను. పేర్లు మాత్రమే వస్తున్నాయని ఆమె విసుక్కుంది గదా, ఆ పేర్లే చివరికి పనికొచ్చాయి. మా నెట్‌వర్కులో ఇప్పుడు, తర్వాత అనే రెండే వస్తాయి, వారం మొత్తం రాదు. సమయాలూ ఐదు పది నిమిషాలు అటూఇటూ. అందుకే సీరియల్ రికార్డింగ్ గైడుని నమ్మకుండా గడియారం మీదే పెట్టి, ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు వదిలాను.

దూరదర్శన్ ఫ్రీ డిష్ కూడా పెట్టమంటారా అని అడిగాను. 93.5 డిగ్రీల దగ్గర జీశాట్-15 ఉపగ్రహం, చిన్న డిష్, ఒక శాటిలైట్ ట్యూనర్ ఉంటే సప్తగిరి, యాదగిరి నేరుగా లైనక్స్‌లోకి తాళం లేకుండా వస్తాయి, ఈ దీపాల తంటా ఏదీ ఉండదు. మేస్టారు సరేనన్నారు గానీ, మేడ మీద వడియాలు పెట్టే చోట డిష్ వద్దని ఆమె అడ్డుపడింది. అక్కడితో ఆగాం.

ఖర్చు విషయానికొస్తే, క్యాప్చర్ స్టిక్, తీగలు, ఐఆర్ సామాను, కొత్త వైరు కలిపి రెండువేల లోపు. నా మూడు వారాల వైరు పనికి డబ్బు తీసుకోలేదు, తప్పు నాది. బిగింపుకి మాత్రం తీసుకున్నాను. రెండో బాక్సు నెల నెలా వాళ్ళదే.

ఏర్పాటు మొదలై ఏడు నెలలు దాటింది. సీరియల్ రోజూ రికార్డవుతోంది. స్టిక్ వేసవిలో వేడెక్కి రెండుసార్లు పనిచేయకుండా బిగుసుకుపోయింది, దానికి ప్రతి తెల్లవారుజామునా యూఎస్‌బీని ఆపి తిరిగి లేపే చిన్న పని పెట్టాను. ట్యూనర్ ఇంకో ఉద్యోగం కూడా చేస్తోంది: తాళం లేని ఆ లోకల్ ఛానల్ బాక్సుతో పనిలేకుండా దాంట్లోనే వస్తుంది. మొన్న తిరునాళ్ళకి కొండకి వెళ్ళలేకపోయిన ఆమె, రథోత్సవం మొత్తం రికార్డు చేయించుకుని మూడుసార్లు చూసింది. కేబుల్ వాళ్ళు దానికి కూడా తాళం వేసిన రోజు నాకు ఫోన్ వస్తుంది.